తలనీలాలు మళ్ళీ మొలుస్తాయి, పంటి పింగాణి మొలవదు

పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడితే తిరుపతిలో బట్టల దుకాణాల తరువాత రద్దీ పెరిగేది పళ్ళ డాక్టర్ల దగ్గరే అనిపిస్తుంది. మా అన్నయ్య కూతురు నన్ను వెంటబెట్టుకుని అలాగే ఒక క్లినిక్‌కు వెళ్ళింది. నిశ్చితార్థం ఫోటోల్లో పళ్ళు పసుపుగా పడ్డాయని, ముందు పన్ను మూల చిట్లి ఉండటం ప్రతి ఫోటోలోనూ తెలుస్తోందని ఆమె బాధ. "అత్తా, పైన ఎనిమిది పళ్ళకు వెనీర్లు వేయించుకుంటే చాలట. రెండు మూడు సార్లు వెళ్తే అయిపోతుందట" అంది దారిలో. ముహూర్తానికి ఇంకా రెండు నెలలుంది. అయిపోతుందన్న మాట నిజమే. అయిపోయాక ఏమి మిగులుతుందన్నది మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది తెలుసుకున్నాక వెనీర్ వేయించుకున్నా మంచిదే, మానుకున్నా మంచిదే. తెలియకుండా వేయించుకోవడమే ప్రమాదం.

వెనీర్ అంటే పంటికి ముందువైపు మాత్రమే అతికించే పలుచని పొర. కొందరు డాక్టర్లు దీన్నే లామినేట్ అంటారు. మందం సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు మన చేతి గోరంత. పంటిని నాలుగు వైపులా కప్పే తొడుగు వేరు, దాన్ని మనమంతా క్యాప్ అంటాం. క్యాప్ కోసం పంటిని చుట్టూ అరగదీయాలి. చిగురు పైన కనిపించే భాగంలో దాదాపు మూడింట రెండు వంతులు అందులోనే పోతుంది. వెనీర్‌కైతే కేసును బట్టి మూడు శాతం నుంచి ముప్ఫై శాతం దాకా పోవచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియక, వెనీర్లని మాట్లాడుకుని వెళ్ళి క్యాపులతో తిరిగి వచ్చినవాళ్ళున్నారు. కాబట్టి మొదటి రోజే అడగవలసిన మాట ఒకటుంది: "నా పన్ను ఎంత అరగదీస్తారు, ఏ వైపున?"

ఇక్కడ మన భాష కూడా కొంచెం తికమక పెడుతుంది. బడి పుస్తకాల్లో పంటి పైపొరను పింగాణి పొర అని చదువుకున్నాం. వెనీర్‌ను తయారు చేసే పదార్థమూ పింగాణీయే. పేరు ఒకటే కాబట్టి ఒకటి తీసి ఇంకొకటి పెడితే సరిసమానమే కదా అనిపిస్తుంది. కానే కాదు. పంటి పింగాణి, అంటే ఎనామిల్, మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికి రాలిపోతాయి. ఇక జీవితంలో దాన్ని కట్టేవారు లేరు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి కొండ దిగినవారికి నెల తిరిగేసరికి జుట్టు మొలుస్తుంది. గోరు విరిగితే పెరుగుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్ ఒక్కసారి అరిగితే అరిగినట్టే. ఆ పొర కొరికే అంచు దగ్గర రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, చిగురు దగ్గరికి వచ్చేసరికి అర మిల్లీమీటరు కూడా ఉండదు. డాక్టరు చేతిలో గిర్రున తిరుగుతూ పంటిని అరగదీసే ముల్లును బర్రు అంటారు. అది ఆ కాస్త జాగాలోనే పని ముగించాలి.

పళ్ళు పసుపుగా ఉన్నాయంటే పాడయ్యాయని కాదు. ఎనామిల్ కొంత పారదర్శకం. దాని వెనక ఉన్న లోపలి పొర, అంటే డెంటిన్, సహజంగానే పసుపు రంగు. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చిన పిల్లలను చూసి తల్లులు కంగారుపడతారు, కొత్తవే ఎక్కువ పసుపుగా కనిపిస్తాయి కాబట్టి. అది ఆరోగ్యమే. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి, వెనకనున్న పసుపు ఇంకా బయటపడుతుంది. మల్లెమొగ్గల్లాంటి పలువరస అని మనవాళ్ళు పొగిడారు గానీ, మల్లెమొగ్గ కూడా సున్నంలా తెల్లగా ఉండదు, దగ్గరగా చూస్తే మొదలు దగ్గర లేత పసుపు, లేత పచ్చ కనిపిస్తాయి.

అందుకే ఏ వెనీర్ మంచిది అని అడిగేకంటే ముందు, నా పళ్ళు ఇలా ఎందుకున్నాయి అని అడగాలి. కారణాన్ని బట్టి చికిత్స మారిపోతుంది.

అన్నిటికంటే తేలికైనది గార. ఉమ్మిలోని ఖనిజాలు పాచి మీద పేరుకుని రాయిలా గట్టిపడితే గార. దాని మీద ఫిల్టర్ కాఫీ, వక్కాకు, పొగాకు మరకలు పడతాయి. దీనికి కావలసింది క్లీనింగ్ మాత్రమే. అయినా చాలామంది ఆ మాట వింటేనే వెనక్కి తగ్గుతారు, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని, సందులు వస్తాయని. ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఏళ్ళ తరబడి గార పళ్ళ సందులను నింపేసి ఉంటుంది, దాని కింద చిగురు వాచి, లోపల ఎముక కరిగి ఉంటుంది. గార తీసేశాక ఆ సందులు, ఆ కదలిక బయటపడతాయి. క్లీనింగ్ వాటిని తేలేదు, చూపించింది. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది, తరువాత తగ్గుతుంది. గార ఉన్న పళ్ళకు, రక్తం కారే చిగుళ్ళ పక్కన వెనీర్ అతికించడం చెమ్మ కారుతున్న గోడకు రంగు వేయడం లాంటిది.

క్లీనింగ్ తరువాత కూడా మొత్తం పలువరస పసుపుగానే ఉంటే బ్లీచింగ్ ఉంది. పళ్ళ అచ్చు తీసి, పలుచని ప్లాస్టిక్ ట్రే చేసి, పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇస్తారు. రాత్రిపూట పెట్టుకుంటే సాధారణంగా రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. పన్ను అరగదు. కొందరికి ఆ రోజుల్లో జివ్వుమనడం ఉంటుంది, ఫలితం కూడా శాశ్వతం కాదు, ఏడాది రెండేళ్ళకు మళ్ళీ కొంచెం చేయించుకోవలసి రావచ్చు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్ సొంత పంటి మీదే పనిచేస్తుంది, వెనీర్ రంగును, దాన్ని అతికించే సిమెంటు రంగును మార్చదు. కాబట్టి రెండూ చేయించుకోవాలనుకుంటే బ్లీచింగే ముందు. ఆ తరువాత కనీసం రెండు వారాలు ఆగాలి, లేకపోతే పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల అతుకు గట్టిగా పట్టదు. ముహూర్తం లెక్క వేసుకునేటప్పుడు ఈ రెండు వారాలను ఎవరూ కలుపుకోరు.

రాయలసీమవారికి మరో కారణం బాగా తెలిసినదే, బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మొదట 1937లో నమోదు చేసింది మన పక్కనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా పరవాలేదని భారత ప్రమాణం చెబుతుంది. వర్షాలు తప్పి, బోర్లు వందల అడుగులు దిగిన ఊళ్ళలో ఆ గీత దాటిపోతుంది. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగిన పిల్లల ఎనామిల్‌లో మార్పు వస్తుంది. తేలికగా ఉంటే సుద్ద గీతల్లాంటి తెల్ల చారలు, ముదిరితే గోధుమరంగు మచ్చలు, ఇంకా ముదిరితే గుంటలు. పెద్దయ్యాక ఆ నీళ్ళు తాగితే పళ్ళకు ఈ మచ్చలు కొత్తగా రావు. అందుకే బడి పిల్లలకు మంచినీళ్ళు అందించడం ఆ తరువాత ఎన్ని వెనీర్లు వేసినా సాటిరాని పని. ఈ మాట ఒక్కటి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను.

మచ్చలు వచ్చేశాక కూడా అందరికీ వెనీర్ అక్కర్లేదు. పలుచని చారలకు ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపి పైన వెంట్రుకవాసంత మేర రుద్ది తీసే పద్ధతి ఉంది, మైక్రోఅబ్రేషన్ అంటారు. తెల్ల మచ్చల్లోకి రెజిన్‌ను, అంటే గట్టిపడే జిగురులాంటి పదార్థాన్ని, పలుచగా ఇంకించి, మచ్చ కలిసిపోయేలా చేసే పద్ధతీ ఉంది. వీటితో బ్లీచింగ్ కలిపితే గోధుమరంగు మచ్చలు కూడా చాలామందిలో నయమనిపించేంత తగ్గుతాయి. గుంటలు పడి, పెచ్చులూడే పళ్ళకు వెనీర్ నిజంగా మేలు చేస్తుంది. సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మాయిలను చూసినవాళ్ళు ఆ మేలును తక్కువ చేసి మాట్లాడరు.

చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు వాడినవారి పళ్ళలో బూడిదరంగు, గోధుమరంగు పట్టీలు ఉంటాయి. ఆ రంగు డెంటిన్ లోపల ఉంటుంది కాబట్టి బ్లీచింగ్‌కు నెలలు పడుతుంది, పలుచని వెనీర్ వెనక నుంచి కూడా నీడలా కనిపిస్తుంది. ఎప్పుడో దెబ్బ తగిలి, లోపలి నరం చచ్చి, ఒక్క పన్ను మాత్రమే నల్లబడితే దారి వేరు. రూట్ కెనాల్ చేసి, లోపలినుంచే బ్లీచ్ చేస్తారు. ఒక్క పంటి కోసం పక్కన ఆరోగ్యంగా ఉన్న అయిదింటిని అరగదీయమనే సలహా వస్తే అక్కడ లేచి రావడమే మంచిది.

ఇక ఆకారం. ఎత్తుపళ్ళకు, వంకర పళ్ళకు వెనీర్లు దగ్గరిదారిలా కనిపిస్తాయి, ఎందుకంటే క్లిప్పులకు ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. కానీ ముందుకు పొడుచుకొచ్చిన పంటిని వెనీర్‌తో వరసలో పెట్టాలంటే ముందు ఎనామిల్ దాటి డెంటిన్ దాకా అరగదీయాలి. క్లిప్పులు పంటిని జరుపుతాయి, బర్రు పంటిని తీసేస్తుంది. సమయం ఉన్నవారికి నా ఓటు క్లిప్పులకే. ముందరి పళ్ళ మధ్య సందుంటే కలిసొస్తుందని మా ఇళ్ళలో పెద్దవాళ్ళు అనేవారు. ఆ నమ్మకం లేనివారికి కూడా చిన్న సందును కాంపోజిట్ అనే పంటిరంగు రెజిన్‌తో ఒక్క పూటలో మూయవచ్చు. పుట్టుకతోనే సన్నగా, సూదిలా వచ్చిన పక్క పన్ను మాత్రం వెనీర్‌కు చక్కగా సరిపోతుంది. అక్కడ తీసేది దాదాపు ఏమీ ఉండదు, చేర్చేదే ఎక్కువ.

వెనీర్ పొరను కాంపోజిట్‌తో చేయవచ్చు, పింగాణీతో చేయవచ్చు, రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. కాంపోజిట్ అంటే పళ్ళలో పుచ్చు పూడ్చే రెజిన్ లాంటిదే. డాక్టరు కుర్చీలోనే చేత్తో దిద్ది, నీలిరంగు లైటుతో గట్టిపరుస్తారు. పన్ను తక్కువ అరుగుతుంది, కొన్నిసార్లు అసలు అరగదు. చిట్లితే అక్కడికక్కడే అతకవచ్చు. ఖర్చు తక్కువ. కానీ కాఫీ రంగు పీలుస్తుంది, మెరుపు తగ్గుతుంది, అయిదారేళ్ళకు మార్చడమో మెరుగు పెట్టడమో తప్పదు. పింగాణీని ల్యాబులో చేస్తారు. ఫెల్డ్‌స్పార్ పింగాణీ అందానికి పేరుపడింది, లిథియం డైసిలికేట్ అనే గాజు పింగాణీ ఇంకా గట్టిది. బాగా వేస్తే పది నుంచి పదిహేనేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. మరక పట్టదు, అంచు దగ్గరి సిమెంటు మాత్రం పట్టవచ్చు. రెండింటికీ శత్రువు ఒకటే, ముందుపళ్ళతో గట్టివాటిని కొరకడం. చిత్తూరు జిల్లాలో చెరకు గెడను పళ్ళతో చీల్చి తినడం, తోతాపురి కాయను కోయకుండా కొరకడం మనకు చిన్ననాటి అలవాట్లు. శ్రీవారి లడ్డూలో కలకండ ముక్క ఎక్కడుంటుందో ముందు తెలియదు. వెనీర్లు ఉన్నవారు లడ్డూను విరుచుకుని దవడ పళ్ళతో నమలాలి, కాయను కోసుకుని తినాలి.

గోరంత పొర పంటిని పట్టుకుని పదేళ్ళు ఎలా నిలుస్తుందో తెలిస్తే ఎనామిల్ విలువ ఇంకా అర్థమవుతుంది. నున్నటి కాంక్రీటు స్తంభానికి ప్లాస్టరింగ్ పట్టదు కాబట్టి మేస్త్రీ ముందు దాని మీద గాట్లు పెడతాడు. ఇక్కడా అంతే. 1920ల చివర, 1930లలో కాలిఫోర్నియా దంతవైద్యుడు చార్లెస్ పింకస్ సినిమా నటులకు ముందుపళ్ళ మీద పలుచని పొరలు పెట్టేవాడు. గాట్లు పెట్టే విద్య అప్పటికి లేదు, కాబట్టి షూటింగ్ అయ్యాక తీసేయడమే. 1955లో మైఖేల్ బ్యూనోకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పడుతుందని చూపించాడు. 1980ల మొదట్లో పింగాణీ లోపలి వైపును కూడా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేయడం వచ్చాక అసలైన వెనీర్లు మొదలయ్యాయి. ఈ పట్టు ఎనామిల్ మీద దొరికినంత బలంగా డెంటిన్ మీద దొరకదు, అక్కడ తేమ ఉంటుంది, నిర్మాణం వేరు. ఎక్కువ అరగదీసిన పంటి వెనీర్ త్వరగా ఊడడానికి, జివ్వుమనడానికి ఒక కారణం అదే.

మా అన్నయ్య కూతురి విషయంలో ఆ డాక్టరు చేసిన మొదటి పని నాకు నచ్చింది. కుర్చీలో దీపం ఆర్పేసి, ఆమెను కిటికీ దగ్గరికి పిలిచారు. లిప్‌స్టిక్ తుడుచుకోమన్నారు. చేతిలో చిన్న చిన్న పళ్ళు గుచ్చిన పట్టీ, పదహారు రంగులు, ఒక్కో పంటి కింద ఏ1, ఏ2, బి1 అంటూ గుర్తులు. ఒక్కొక్కటి పెదవి పక్కన పెట్టి చూశారు. "ట్యూబులైటు కింద చూస్తే రంగు అబద్ధం చెబుతుందమ్మా. నోరు తెరిచి పది నిమిషాలు ఉంటే పళ్ళు ఆరిపోయి మరీ తెల్లగా కనిపిస్తాయి. అందుకే మొదటే చూడాలి" అన్నారు. ఏ2 దగ్గర చెయ్యి ఆగింది. అమ్మాయి ఫోనులో చూపించిన తెలుపు ఆ పట్టీలో అసలు లేదు. బ్లీచ్ చేసిన పళ్ళ కోసం విడిగా ఉన్న ఇంకో పట్టీలో ఉంది. దాన్ని ఆమె పెదవి పక్కన పెట్టి అద్దం ఇచ్చారు. చామనఛాయ ముఖంలో ఆ ముక్క ఒక్కటే విడిగా, గోడకు కొట్టిన టైలులా కనిపించింది. అమ్మాయి ఏమీ మాట్లాడకుండా అద్దం తిరిగి ఇచ్చేసింది.

వెనీర్లే ఖాయమైతే పని ఇలా సాగాలి: ఎక్స్‌రే, ఫోటోలు, పళ్ళ అచ్చు మీద మైనంతో కొత్త ఆకారం, ఆ ఆకారాన్నే తాత్కాలిక రెజిన్‌తో నోట్లో పెట్టి చూపించడం. ఈ చివరిది చాలా ముఖ్యం. పన్ను ముట్టుకోకముందే మీరు నవ్వి చూసుకోవచ్చు, ఫ, వ పలికి చూసుకోవచ్చు, ఇంటికి ఫోటో పంపించవచ్చు. నచ్చకపోతే తీసేస్తారు, నష్టం లేదు. ఇది చూపించకుండా నేరుగా బర్రు పట్టుకుంటే ఒకసారి ఆగమని చెప్పండి. అరగదీయడం, స్కాన్ తీయడం అయ్యాక ల్యాబు నుంచి రావడానికి సాధారణంగా వారం, రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా తాత్కాలిక పొరలు ఉంటాయి.

రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటున్నవారు వెనీర్ల తరువాత రాత్రి గార్డు పెట్టుకోవాలి, లేకపోతే పొరలు చిట్లుతాయి. గోళ్ళు కొరికేవారు, పూలు కడుతూ దారం పంటితో తెంపేవారు ముందు ఆ అలవాటు మానాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు అరగదీసే పని వద్దు. పుచ్చు, చిగుళ్ళ జబ్బు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

డబ్బు లెక్కలో అందరూ ఒక పొరపాటు చేస్తారు. ఒక పంటి ధరను ఎనిమిదితో గుణించి ఆగిపోతారు. ఇరవై అయిదేళ్ళకు వేయించుకున్నవారు అరవై అయిదు వచ్చేలోపు రెండు మూడు సార్లు మార్పించుకోవాలి, ప్రతిసారీ పన్ను ఇంకొంచెం పోతుంది. అందం కోసం చేసే ఈ పనికి ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. తక్కువ ధర కోసం బ్యూటీ పార్లర్లలో, ఆన్‌లైన్ పెట్టెల్లో దొరికే పొరల వైపు వెళ్ళవద్దు. చట్టం ప్రకారం దంత వైద్యం చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు. రెండో అభిప్రాయం కావాలంటే దూరం వెళ్ళనక్కర్లేదు. తిరుపతిలోనే దంత వైద్య కళాశాల ఉంది, కడపలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. చిత్తూరువారికి వెల్లూరు ఎలాగూ అలవాటే. కళాశాలల్లో ప్రొస్తోడాంటిక్స్ (తొడుగులు, కట్టుడు పళ్ళు చూసేవారు), కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ (ఉన్న పంటిని కాపాడే చికిత్సలు చూసేవారు) విభాగాలవారు ఈ పని చూస్తారు.

మా అమ్మాయి చివరికి క్లీనింగ్ చేయించుకుంది. రెండు వారాలు రాత్రిపూట ట్రే పెట్టుకుంది, మూడో రోజు జివ్వుమంటోందని ఫోను చేసి ఒక రాత్రి మానేసింది. మరో రెండు వారాలు ఆగాక చిట్లిన మూలను కాంపోజిట్‌తో దిద్దారు, నలభై నిమిషాల పని. బ్లీచింగ్ తరువాత ఏ2 కాస్తా ఇంకొంచెం తెల్లనైన ఏ1కి వచ్చింది. ఎనిమిది వెనీర్ల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పటికే వెనీర్లు ఉన్నవారికి ఒక్క మాట. ఎప్పుడైనా ఒకటి ఊడివస్తే కంగారుపడవద్దు, పారేయవద్దు. ఇంట్లో ఉన్న జిగురుతో అస్సలు అతికించుకోవద్దు, ఆ జిగురు పంటిని, చిగురును పాడుచేస్తుంది, డాక్టరుకు దాన్ని గీకి తీయడమే పెద్ద పని అవుతుంది. నీళ్ళతో కడిగి చిన్న డబ్బాలో దూదిలో పెట్టుకుని తీసుకెళ్ళండి. విరగకుండా ఊడి ఉంటే చాలాసార్లు దాన్నే శుభ్రం చేసి మళ్ళీ అతికిస్తారు. అప్పటిదాకా ఆ పంటికి చల్లటి నీళ్ళు, పచ్చి మామిడి ముక్క తగలనివ్వకండి.